ఎముకతో పొత్తు కుదిర్చిన వైద్యుడు: సర్ జాన్ చార్న్లీ

తుంటి కీలు అరిగిపోయిన వృద్ధులను మనమందరము చూచియే యుందుము. లేచి నిలువబోవునప్పుడు వారి ముఖము ముడుచుకొనును. నాలుగడుగులు వేయుటకు చేతికఱ్ఱ కావలెను. రాత్రివేళ ప్రక్కకు ఒత్తిగిలుటయు వారికి బాధయే. ఒకప్పుడు అట్టివారికి వైద్యులు చేయగలిగిన మేలు మిక్కిలి స్వల్పముగా నుండెను. నేడు అరిగిన కీలును తొలగించి, లోహముతోను ప్లాస్టిక్కుతోను చేసిన క్రొత్త కీలును అమర్చు శస్త్రచికిత్స మన దేశమందలి పెద్ద పట్టణములలో జరుగుచున్నది. ప్రపంచమున ఏటేట లక్షలాది జనులు దానివలన మరల నడచుచున్నారు. ఈ చికిత్సను నమ్మదగినదిగా తీర్చిదిద్దినవాడు ఇంగ్లండు దేశస్థుడగు సర్ జాన్ చార్న్లీ.

విద్యార్థులారా! మహావైద్యుని చరిత్ర యనగానే విజయములను వరుసగా పేర్చిన పట్టిక యని తలపవలదు. ఈయన జీవితమున ఒక పెద్ద పరాజయము కలదు. దాని బరువు సుమారు మూడువందలమంది రోగుల మీద పడెను. దానిని ఆయన ఎట్లు భరించెనో, దానినుండి ఏమి నేర్చెనో తెలిసికొనుట మనకు మిక్కిలి ఉపకరించును. ఎముకకును, దానిలో అమర్చిన పరాయి వస్తువునకును నడుమ ఇరుకైన సరిహద్దు ఒకటి యుండును. అచ్చట పొత్తు కుదిరినచో రోగి నడచును. చెడినచో మరల మంచము పట్టును. చార్న్లీ తన జీవితములో అధికభాగము ఆ సరిహద్దును గూర్చియే శ్రమించెను. మందును కొంచెము కొంచెముగా విడుచుచు ఎముక అతుకుటకు తోడ్పడు ఉపరితలములను నేటి శాస్త్రజ్ఞులు రూపొందించుచున్నారు. వారు దున్నుచున్న పొలమును మొదట చదును చేసినవారిలో ఈయన ముఖ్యుడు.

బాల్యము – విద్య

జాన్ చార్న్లీ 1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన లాంకషైర్ మండలమందలి బరీ అను పట్టణమున జన్మించెను. అది నూలు మిల్లులకు పేరుపొందిన ప్రాంతము. తండ్రి మందుల దుకాణము నడపెను. తల్లి నర్సుగా శిక్షణ పొందిన స్త్రీ. మందులు, రోగులు అను మాటలు ఆ యింట నిత్యము వినబడునవే యై యుండును. బరీ గ్రామర్ పాఠశాలలో చదువు ముగించి 1929లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకై చేరెను. 1935లో వైద్యపట్టము పొందెను. మరుసటి సంవత్సరమే, ఇరువదియైదేండ్ల ప్రాయమున, శస్త్రవైద్యుల రాయల్ కళాశాల వారి ఫెలోషిప్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు ఆయన సైనిక వైద్యదళమున చేరెను. 1940లో డన్‌కర్క్ తీరమునుండి సైనికులను తరలించిన కార్యములో పాల్గొనెను. పిమ్మట ఈజిప్టు దేశమునకు పంపబడెను. అచ్చట ఎముకలు విరిగిన సైనికులకు చికిత్స చేయుటయే కాక, సైన్యపు కార్యశాలలో కట్టుబద్దలను, నడకకు ఉపకరించు సాధనములను చేయించుటలో ఎక్కువ ఆసక్తి చూపెను. యంత్రములన్న ఆయనకు చిన్ననాటి మక్కువ. తరువాతి కాలమున తన యింటనే చిన్న కార్యశాల నేర్పరచుకొని, తరిమెన మీద పరికరములను స్వహస్తముతో చేసికొనెడివాడు. శస్త్రవైద్యుని కత్తియు, కమ్మరి చేతినేర్పును ఒక్క మనిషియందే కలిసెను.

తన కాలితో నేర్చిన పాఠము

ఎముక రాయివలె జడవస్తువని కొందరు తలంతురు. అది నిజము కాదు. ఎముకయందు రక్తనాళములు కలవు. పాత ఎముకను కరిగించు కణములును, క్రొత్త ఎముకను కట్టు కణములును అందు నిత్యము పని చేయుచుండును. ఎముక విరిగినచోట మొదట రక్తము గడ్డకట్టును; తరువాత మెత్తని కణజాలము పుట్టును; కొన్ని వారములకు అది సున్నపు లవణములతో గట్టిపడి అతుకగును; నెలలు గడచినకొలది ఆ అతుకు పూర్వపు ఆకృతికి చేరువగును. మామిడికి అంటు కట్టినట్లే, ఎముక విరిగినచోట వేరొక ఎముక ముక్కను అమర్చి అతుకునకు సాయపడుటయు కలదు. దీనిని ఎముక అంటు అని చెప్పవచ్చును.

యుద్ధానంతరము 1946లో చార్న్లీ ఆస్వెస్ట్రీ పట్టణమందలి ఎముకల వైద్యశాలలో కొంతకాలము పనిచేసెను. ఎముక అంటు ఎట్లు అతుకునో స్వయముగా తెలిసికొనగోరి, తన ముంగాలి ఎముక మీదనే ప్రయోగము చేయుమని ఒక సహవైద్యుని ఒప్పించెను. ఫలితము విపరీతమాయెను. గాయమున సూక్ష్మక్రిములు చేరి ఎముకకు చీము పట్టెను. మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. ఈ సాహసమును మనము మెచ్చనక్కరలేదు. అయినను ఎముకలో క్రిములు చేరుట ఎంత బాధయో, ఒకసారి చేరినవి తొలగుట ఎంత కష్టమో ఆయనకు నాడు అనుభవమునకు వచ్చెను.

1947లో మాంచెస్టరు రాయల్ వైద్యశాలలో శస్త్రవైద్యుడుగా నియమింపబడెను. 1950లో విరిగిన ఎముకలను కోతలేకయే కుదుర్చు పద్ధతులను వివరించు గ్రంథమును ప్రకటించెను. ఎముకల వైద్యులు దానిని చాలకాలము చదువుచుండిరి. చెడిన కీలు ఎముకలను రెండు వైపులనుండి బిగించి ఒకటిగా అతికించు పద్ధతిని గూర్చి 1953లో మరియొక గ్రంథము వ్రాసెను. ఈ రెండు గ్రంథములతోనే ఆయనకు కీర్తి వచ్చెను. అయినను ఆయన పేరు నిలిపిన కార్యము ఇంకను మొదలు కాలేదు.

కిఱ్ఱుమన్న తుంటి

ఆ కాలమున పారిస్ నగరమందలి జూడె సోదరులు తొడ ఎముక పైనుండు బంతికి మారుగా యాక్రిలిక్ ప్లాస్టిక్ బంతిని అమర్చుచుండిరి. అట్టి బంతి అమర్చిన రోగి యొకడు చార్న్లీ యొద్దకు వచ్చెను. అతడు ముందునకు వంగినప్పుడెల్ల తుంటి కిఱ్ఱుమని చప్పుడు చేయుచుండెను. అతని భార్య ఆ చప్పుడును సహింపలేకుండెను. ఇతరులకు ఇది నవ్వు పుట్టించు ముచ్చట. చార్న్లీకి మాత్రము అందొక శాస్త్రసమస్య కనబడెను. కందెన లేని బండి ఇరుసు కిఱ్ఱుమనును గదా! అట్లయిన ఈ కృత్రిమపు కీలులో రాపిడి ఎక్కువగా నున్నది. రాపిడి ఎక్కువైనచో అడుగడుగునకు బంతి ఎముకను కుదుపును. కొంతకాలమునకు వదులై ఊడిపోవును.

ఆయన జంతువుల కీళ్లను పరీక్షించి, సహజమైన కీలులో రాపిడి మిక్కిలి తక్కువయని కనుగొనెను. ఎముక చివరనుండు మృదులాస్థి అంత నున్నగా జారును. కావున కృత్రిమపు కీలునకు స్వయముగా జారు గుణముగల పదార్థము కావలెనని నిశ్చయించెను. నేడు వంటపెనముల మీద పూతగా మనకు పరిచయమైన టెఫ్లాన్ అట్టి పదార్థము. తుంటి గిన్నెకు టెఫ్లానును, తొడ ఎముక బంతికి ఉక్కును వాడవచ్చునని ఆయన ఎంచెను. క్రమముగా బంతి వ్యాసమును సుమారు 22 మిల్లీమీటర్లకు తగ్గించెను. ఇరుసు సన్ననిదైనకొలది చక్రము తేలికగా తిరుగును. ఇచ్చటను అదే న్యాయము.

గచ్చు వంటి సిమెంటు

ఇక బంతికి తోడుగానుండు లోహపు కాడను తొడ ఎముకలో కదలకుండ నిలుపుట ఎట్లు? మాంచెస్టరు దంతవైద్య కళాశాలయందలి డెన్నిస్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు దంతవైద్యములో వాడు యాక్రిలిక్ పదార్థమును సూచించెను. పొడిని ద్రవముతో కలిపినచో అది ముద్దయగును. కొన్ని నిమిషములలో వేడెక్కి గట్టిపడును. 1958లో చార్న్లీ దీనిని వాడ మొదలిడెను. నేడు వైద్యులు దీనిని ఎముక సిమెంటు అందురు.

పేరు సిమెంటైనను ఇది జిగురువలె అంటుకొనునది కాదని చార్న్లీ పలుమారు బోధించెను. మేస్త్రీ రాళ్ల సందులలో గచ్చు నింపును. రాళ్లు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చుండుటకు, బరువు ఒకచోటనే పడక అంతటను పంచబడుటకు ఆ గచ్చు తోడ్పడును. ఎముక సిమెంటు పని అట్టిదే. లోపలి ఎముక తేనెపట్టువలె రంధ్రములు కలది. మెత్తని సిమెంటు ఆ రంధ్రములలో చొచ్చుకొని గట్టిపడును. కాడ మీద పడు బరువును విశాలమైన వైశాల్యమునకు పంచును.

జీవముగల ఎముక ఈ పరాయి పదార్థమును ఓర్చుకొనునా? సంవత్సరములు గడచిన తరువాత అచ్చట ఏమి జరుగును? బ్రతికియున్న రోగి తుంటిని కోసి చూడరాదు. అందుచేత చార్న్లీ తన రోగులను ఒక అనుమతి కోరెను. వారు మరణించిన పిమ్మట ఆ తుంటిని పరీక్షకు తీసికొనవలెననుట ఆ కోరిక. అనేకులు సంతోషముతో సమ్మతించిరి. అట్లు లభించిన ఎముకలను సూక్ష్మదర్శినితో చూచినప్పుడు, సిమెంటు చుట్టును ఎముక జీవించియే యున్నదనియు, బరువు మోయుటకు అనుకూలముగా తిరిగి కట్టుకొన్నదనియు తెలిసెను. ఈ శాస్త్రములో ఆ రోగుల దానమునకును భాగము కలదు.

పరాజయము

లాంకషైరులోనే విగన్ పట్టణ సమీపమున రైటింగ్టన్ వైద్యశాల కలదు. అది పూర్వము క్షయరోగుల కొరకు నడచెను. చార్న్లీ అచ్చట తుంటి శస్త్రచికిత్సా కేంద్రమును నెలకొల్పెను. టెఫ్లాన్ గిన్నెలు అమర్చిన రోగులు కొద్ది వారములకే నొప్పి లేక నడువసాగిరి. ఏండ్ల తరబడి కుంటినవారు మెట్లెక్కుట చూచి అందరును ఆశ్చర్యపడిరి. సుమారు మూడువందల మందికి ఈ చికిత్స జరిగెను.

రెండు మూడేండ్లు గడచునప్పటికి అనర్థము బయలుపడెను. టెఫ్లాన్ జారుటకు మేలైనదే కాని, రాపిడికి నిలువలేదు. ఉక్కుబంతి దానిని తొలుచుకొనిపోవుచుండెను. రాలిన పొడి కీలు చుట్టును చేరెను. ఆ పొడిని శరీరము శత్రువుగా ఎంచి దానితో పోరాడెను. ఆ పోరులో చుట్టునున్న ఎముకయు కరిగెను. కీళ్లు వదులై నొప్పి తిరిగి వచ్చెను.

పరువునకు వెరచినవాడు ఇట్టి సమయమున మాట మార్చును, లేక నేరమును వస్తువు మీదను, రోగి మీదను త్రోయును. చార్న్లీ తన పద్ధతి విఫలమైనదని ఒప్పుకొనెను. చెడిన కీళ్లను తొలగించు శస్త్రచికిత్సలను పరుల కప్పగింపక తానే చేసెను. ఒక్కొక్క తుంటిని తెరచినప్పుడు తన పొరపాటు ఎట్టిదో కన్నులార చూచెను. అరిగిన ప్రతి గిన్నెను కొలిచి, అరుగుదల లెక్క వ్రాసికొనెను. టెఫ్లాను పొడిని తన తొడయందే చేర్పించుకొని శరీరము దాని నెట్లు చూచునో పరిశీలించెను.

మగ్గము నుండి వచ్చిన వస్తువు

మగ్గముల నడుమ పెరిగిన మన తెలుగు బిడ్డలకు ఈ భాగము ప్రత్యేకముగా నచ్చునని తలంతుము. 1962 మే నెలలో ఒక వర్తకుడు రైటింగ్టన్ కార్యశాలకు వచ్చెను. నూలు మిల్లుల మగ్గములలో పండ్లచక్రములకు వాడు క్రొత్త ప్లాస్టిక్కు ముక్కను చూపెను. అది మిక్కిలి పెద్ద అణువులుగల పాలిథీన్. చార్న్లీ దానిని గోటితో నొక్కి చూచి, పనికిరాదని వెడలిపోయెను. కార్యశాలలో పనిచేయు హ్యారీ క్రేవన్ మాత్రము దానిని పారవేయలేదు. అరుగుదలను పరీక్షించుటకు తాను నిర్మించిన యంత్రములో దానిని అమర్చి రాత్రింబగళ్లు నడపెను. మూడు వారములు నడచినను, టెఫ్లాన్ ఒక్క దినములో అరిగినంతయైనను అది అరుగలేదు.

క్రేవన్ చెప్పిన మాట విని చార్న్లీ వచ్చి చూచెను. తన తీర్పు తప్పని యంత్రము చూపినప్పుడు ఆయన యంత్రమునే నమ్మెను. అయినను ఈసారి తొందరపడలేదు. పాలిథీనును కూడ తన తొడలో చేర్పించుకొని టెఫ్లానుతో పోల్చెను. టెఫ్లాన్ ఉంచిన చోట గడ్డలు కట్టెను. పాలిథీన్ ఉంచిన చోట అట్టి బాధ కనబడలేదు. 1962 నవంబరులో క్రొత్త గిన్నెను రోగులకు అమర్చ నారంభించెను. ఈ కీలు ఇతర వైద్యుల చేతికి వెంటనే పోకుండ ఏండ్ల తరబడి ఆపెను. ముందుగా తన రోగుల ఫలితములను వేచి చూచెను. పిమ్మట రైటింగ్టనుకు వచ్చి పద్ధతిని నేర్చినవారికే వాడుట కనుమతించెను. ఒకసారి మూడువందలమంది బాధను చూచినవాడు పాటించిన జాగ్రత్త యిది.

ఈ పాలిథీన్ కూడ దోషరహితము కాదు. ఏండ్లు గడచినకొలది దాని పొడియు కొందరిలో ఎముకను కరిగించెను. 1990ల చివరినుండి అరుగుదల ఇంకను తక్కువగానుండు పాలిథీన్ రకములు వాడుకలోనికి వచ్చెను. అయినను ఉక్కుబంతి, పాలిథీన్ గిన్నె, సిమెంటు అను చార్న్లీ కూర్పు ఎందరికో ఇరువది ముప్పది యేండ్లు సేవ చేసెను.

గాలిలోని శత్రువు

అరుగుదల సమస్య తగ్గెను. క్రిముల సమస్య మిగిలియుండెను. మొదటి సంవత్సరములలో చార్న్లీ రోగులలో నూటికి ఏడుగురికి పైగా కీలులో చీము పట్టుచుండెను. ఆయన ముంగాలికి జరిగినదే వారి తుంటికి జరిగెను.

కృత్రిమపు కీలు క్రిములకు అనువైన స్థానము. జీవముగల కణజాలములోనికి రక్తము ప్రవహించును; రక్తముతో కూడ శరీరమును రక్షించు కణములును, మనము మ్రింగిన మందులును వచ్చును. లోహములోను ప్లాస్టిక్కులోను రక్తము ప్రవహింపదు. కొద్దిపాటి క్రిములు దాని మీద చేరి, జిగటపొర నొకదానిని కప్పుకొని దాగును. ఆ పొరను భేదించుట మందులకును కష్టము. అప్పుడు కీలును తీసివేయుటయే తరచుగా శరణ్యమగును.

శస్త్రచికిత్స గదిలోని గాలియే క్రిములను తెచ్చుచున్నదని చార్న్లీ నమ్మెను. మనుష్యుల చర్మమునుండి రాలు సన్నని పొట్టు మీద క్రిములు వ్రాలి గాలిలో తేలుచుండును. ఆయన హోవర్త్ అను వాయుయంత్ర నిర్మాతతో కలిసి, శస్త్రచికిత్స బల్ల చుట్టును చిన్న గదివంటి ఆవరణమును కట్టించెను. వడగట్టిన గాలి పైనుండి క్రిందికి ఎడతెగక వీచునట్లు చేసెను. వైద్యులు తల మొదలు కప్పు దుస్తులు ధరించిరి. వారి ఊపిరి గొట్టముల ద్వారా బయటికి పోవుచుండెను. పదేండ్ల కృషి ఫలితముగా, 1970 ప్రాంతమునకు చీము పట్టుట నూటికి ఒకటికన్న తక్కువాయెను.

ఇది గాలివలననే జరిగెనా, ఇతర జాగ్రత్తలవలన జరిగెనా యని సందేహించినవారు కలరు. బ్రిటిషు వైద్యపరిశోధన మండలి ఎనిమిదివేలకు మించిన కీలు చికిత్సలను పరిశీలించి 1982 జూలైలో ఫలితములు ప్రకటించెను. శుద్ధమైన గాలి వలన లోతైన చీము సుమారు సగమునకు తగ్గెనని తేలెను. క్రిమినాశక మందుల వలనను వేరుగా మేలు కలిగెనని ఆ పరిశోధనయే చూపెను. మరుసటి నెల, 1982 ఆగస్టు 5వ తేదీన, చార్న్లీ మరణించెను. అప్పటికి ఆయనకు 71 సంవత్సరములు నిండవచ్చుచుండెను. 1974లో లాస్కర్ బహుమానము, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1977లో సర్ బిరుదము ఆయనకు లభించియుండెను.

మందును విడుచు ఉపరితలములు

చార్న్లీ గాలిని శుభ్రపరచుచుండగా, జర్మనీ దేశమందు హాంబర్గు నగరమున బుఖోల్జ్ అను శస్త్రవైద్యుడు వేరొక మార్గమును త్రొక్కెను. ఎముక సిమెంటు పొడిలోనే జెంటమైసిన్ అను క్రిమినాశకమును కలిపెను. సిమెంటు గట్టిపడునప్పుడు పుట్టు వేడికి ఆ మందు చెడదు. గట్టిపడిన పిమ్మట అది సిమెంటునుండి కొంచెము కొంచెముగా ఊరి, రక్తము చేరలేని ఆ సరిహద్దుననే పనిచేయును. 1970లో ఆయనయు, ఎంగెల్‌బ్రెక్ట్ అను సహచరుడును ఈ సంగతిని ప్రకటించిరి. చార్న్లీ ప్రచారమునకు తెచ్చిన సిమెంటే ఈ విధముగా మందును విడుచు సాధనమాయెను. మందు కలిపిన సిమెంటు నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది.

దీనికిని లోపము కలదు. మొదటి దినములలో మందు ఎక్కువగా వెలువడును, తరువాత సన్నగిల్లును, అధికభాగము సిమెంటులోనే చిక్కుకొని యుండును. చాలకాలము మిక్కిలి కొద్దిగా ఊరు మందు క్రిములను చంపలేదు; పైగా ఆ మందునకు లొంగని క్రిములు పెరుగుటకు అవకాశమిచ్చును. ఎంత మందు, ఎన్ని దినములు వెలువడవలెనను ప్రశ్న అందుండి పుట్టెను.

ఇంతలో సిమెంటు లేకయే ఎముకను అతికించు దారియు తెరచుకొనెను. స్వీడన్ దేశమున బ్రానెమార్క్ అను పరిశోధకుడు 1952లో కుందేళ్ల ఎముకలలో అమర్చిన టైటానియం పరికరములను తిరిగి తీయబోగా అవి ఊడి రాలేదు. ఎముక ఆ లోహమును గట్టిగా పట్టుకొనెను. ఆ గుణమును ఉపయోగించి ఆయన 1965లో మనుష్యుని దవడలో కృత్రిమ దంతములకు ఆధారములు నాటెను. 1985లో లండనులో ఫర్లాంగ్ అను వైద్యుడు హైడ్రాక్సీఅపటైట్ పూతగల తుంటి కాడను అమర్చెను. ఎముకలోని ఖనిజమును పోలిన ఆ పూత మీద ఎముక సులభముగా పెరుగును. అమెరికాలో యూరిస్ట్ అను శస్త్రవైద్యుడు, ఎముకను పుట్టించు శక్తి ఎముకలోనే కలదని 1965లో చూపెను. ఆ శక్తిగల మాంసకృత్తులలో ఒకదానిని వెన్నెముక చికిత్సలో వాడుటకు 2002లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను.

నేటి శాస్త్రజ్ఞులు ఈ దారులను ఒకటిగా కలుప జూచుచున్నారు. టైటానియం మీద విద్యుత్తు సాయముతో సన్నని గొట్టములను పుట్టింపవచ్చును. వాని వ్యాసము వెంట్రుక మందములో వెయ్యవ వంతుండును, లేదా ఇంకను తక్కువ. వానియందు మందు నింపి, పైన మెల్లగా కరుగు పొరను కప్పుదురు. కొందరు క్రిమినాశకమును నింపుచున్నారు. కొందరు ఎముకను కరిగించు కణములను అదుపులో నుంచు మందును, మరికొందరు ఎముకను పుట్టించు మాంసకృత్తిని నింపుచున్నారు. పరికరము శరీరములో ప్రవేశించినది మొదలు దాని ఉపరితలము కొరకు ఎముక కణములకును క్రిములకును పరుగుపందెము జరుగునని గ్రిస్టినా అను వైద్యుడు 1987లో వివరించెను. మొదట చేరినవాడే ఆ నేలను ఆక్రమించును. మందును విడుచు ఉపరితలము ఆ పందెములో ఎముక పక్షమును వహించును.

ఇట్టి పూతలలో కొన్ని వైద్యశాలలకు వచ్చినవి. జెంటమైసిన్ పూతగల కాలిఎముక కడ్డీ వానిలో ఒకటి. క్రిములను చంపుచు ఎముకను కూడ పెంచు ఉపరితలములు ఎక్కువభాగము పరిశోధనాలయములలోను, జంతువుల మీది ప్రయోగములలోను ఉన్నవి. పూత రాలిపోకుండ నిలుచునా, మందు అయిపోయిన తరువాత ఉపరితలము ఎముకకు హితముగా నుండునా, పదేండ్లకు దాని గతి యేమి అను ప్రశ్నలకు ఒక్కొక్క పూతకు వేర్వేరుగా సమాధానము చెప్పవలసియున్నది.

ముగింపు

చార్న్లీ జీవితము ఇచ్చటనే మనకు దారి చూపును. టెఫ్లాన్ తుంటి మొదటి సంవత్సరము అద్భుతముగా పనిచేసెను. మూడవ సంవత్సరము రోగులను బాధించెను. శరీరములో అమర్చు వస్తువునకు మొదటి నెలల ఫలితము చాలిన పరీక్ష కాదని దానినుండి ఆయన నేర్చెను. యంత్రము మీద పరీక్షించుట, అరుగుదలను కొలుచుట, రోగులను ఏండ్ల తరబడి వెంబడించి చూచుట, మరణానంతరమును ఎముకను పరిశీలించుట ఆయన పద్ధతులాయెను. మందును విడుచు పూతలను చేయువారును ఈ సుదీర్ఘమైన పరీక్షను తప్పించుకొనలేరు.

ఇంకొక సంగతిని మన విద్యార్థులు మరువకుందురు గాక. ఈ కథలో మంచి వస్తువును గుర్తించినవాడు ప్రఖ్యాత వైద్యుడు కాడు. కార్యశాలలో పనిచేయు క్రేవన్. సిమెంటును సూచించినవాడు దంతవైద్య కళాశాలవాడు. గాలిని వడగట్టినవాడు యంత్రనిర్మాత. తమ ఎముకలనే దానము చేసినవారు సామాన్యులైన రోగులు. అందరి మాటను విని, ఫలితమునకు బాధ్యతను తానే వహించుట చార్న్లీ గొప్పతనము. తల్లిదండ్రులారా! మీ బిడ్డ చదువుతోపాటు చేతిపనియందును ఆసక్తి చూపినచో దానిని చులకన చేయకుడు. తరిమెన పట్టిన చేతులే లక్షలాది జనులను నడిపించెను.